ఖని, గని, బాయి: బొగ్గు నేలలో అరువు మాటల పుట్టుక, వ్యాకరణము

ఈ వ్యాసము ఒక వృద్ధురాలు అడిగిన ప్రశ్న నుండి పుట్టినది. వేదాంత కళాశాలలో చదువు ముగించి, రామగుండము ప్రాంతములో ఒక కాలనీ సంఘమునకు మేము క్రొత్తగా వచ్చిన రోజులవి. యోహాను సువార్త నాలుగవ అధ్యాయము మీద ఒక ఆదివారము ప్రసంగించితిమి. యాకోబు బావి, సమరయ స్త్రీ, చేదుకొనుటకు పాత్ర లేని ప్రభువు, జీవజలము: చదువుకొని వచ్చిన దంతయు ఒకే గంటలో కుమ్మరించితిమి. ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి దగ్గరకు వచ్చి అడిగినది: "అయ్యగారూ, యాకోబు బాయిల నీళ్లు తాగేటియేనా? మా బాయిల నీళ్లయితే మోటార్లు పెట్టి బయట పోస్తరు గదా!"

మేము చిరునవ్వు నవ్వి ఏదో జవాబు చెప్పి పంపివేసితిమి. ఆమె భర్తయు ఇద్దరు కుమారులును భూగర్భ గనిలో పని చేసినవారని తరువాత తెలిసినది. ఆమె అడిగినది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆమె నోట బాయి అంటే బొగ్గు తవ్వే చోటు. మా నోట బావి అంటే నీళ్లు తోడుకొనే చోటు. ఒకే మాట రెండు లోకములలో బ్రతుకుచున్నది. గంటసేపు మేము ఒక లోకములో నిలబడి మాట్లాడితిమి, సంఘము మరియొక లోకములో కూర్చుండి విన్నది.

అప్పటి నుండి ఈ మాట వెంట పడితిమి. వెదకగా తేలినదేమనగా, ఈ ప్రాంతములో తవ్వకమునకు వాడుకలో ఉన్న మాటలన్నియు అరువు తెచ్చుకొన్నవే. ఊరి పేరులో ఉన్నది ఖని. వార్తాపత్రికలలో ఉన్నది గని. కంపెనీ బోర్డు మీద ఉన్నది ఇంక్లైను. మనుష్యుల నోట ఉన్నది బాయి. నాలుగు మాటలకు నాలుగు పుట్టుకలు, నాలుగు వ్యాకరణములు.

మొదట ఊరి పేరు. భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఎల్లందు ప్రాంతమున, సింగరేణి అనే గ్రామము దాపున బొగ్గు జాడ కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు సంపాదించినది. 1889 నాటికి ఎల్లందులో బొగ్గు పైకి వచ్చుచున్నది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది, 1945లో హైదరాబాద్ రాజ్యము దాని వాటాలలో అధిక భాగము కొన్నది. తవ్వకము గోదావరి లోయ వెంట ఉత్తరముగా సాగి కొత్తగూడెము, బెల్లంపల్లి మీదుగా 1960ల తొలి ఏండ్లలో రామగుండము దగ్గర నది ఒడ్డుకు చేరినది. అక్కడ వెలసిన బస్తీకి గోదావరిఖని అని పేరు వచ్చినది.

ఈ పేరులోని ఖని సంస్కృత శబ్దము. ఖన్ అనే ధాతువునకు తవ్వుట అని అర్థము. ఖననము, ఖనిజము, ఖనకుడు అన్నియు ఆ ధాతువు బిడ్డలే. శవమును పాతిపెట్టుటకు మనము వాడే ఖననము అనే మాటయు, బొగ్గు తీసే ఖని అనే మాటయు ఒకే వేరు నుండి వచ్చినవని బొగ్గు నేలలో పరిచర్య చేయువాడు ఎరిగి యుండుట మంచిది. ఈ రెండు మాటలు ఒకే వారములో, ఒకే ఇంటి వాకిట వినవలసిన దినములు మాకు వచ్చినవి. దానిని గూర్చి తరువాత వ్రాసెదము.

చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణము తెలుగు మాటలను తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని విభజించినది. ఖని తత్సమము, అనగా సంస్కృత రూపమును మార్చుకొనకుండ తెలుగులోనికి వచ్చిన మాట. అది అరువు సొమ్మని చెప్పుటకు నిఘంటువు కూడ అక్కర లేదు, మొదటి అక్షరము చాలును. ఒత్తు పలుకు ఖకారము అచ్చ తెలుగు మాటలలో ఉండదు. అందుచేతనే ఊరివారి నోట ఆ ఒత్తు నిలువలేదు. "కనికి పోతున్న" అందురు, "కనిల ఉంటడు" అందురు. క్రొత్తగా వచ్చినవాడు ఆ "కని" విని, ఎవరు ఎవరిని కన్నారో అని తడబడుట మేము చూచితిమి. అక్కడి గనులకు ఇంగ్లీషు పొడి అక్షరాలలో జి.డి.కె. అని గుర్తు. చివరి కె అక్షరములో సంస్కృత ఖని కూర్చున్నదని ఆ గుర్తు వ్రాసేవారిలో ఎందరు తలచుదురో!

ఖని తెలుగు నోటిలో అరిగి గని అయినది. ఇది తద్భవము. ఒత్తు పోయి, పరుషము సరళమైనది. గోలకొండ వజ్రాల కథలలో గని అను మాట తెలుగువారందరు విన్నదే. సంస్కృతములో ఖని స్త్రీలింగము. తెలుగులోనికి రాగానే ఆ లింగము రాలిపోయినది, అది అమహద్వాచకము మాత్రమే: గని కూలినది, గని మూతబడినది. ఇకారము మీద కువర్ణము కి అగునను నియమము చొప్పున గనికి అనవలెను. బహువచనములో ఇకారము ఉకారమై గనులు అగును, కవి కవులు అయినట్లు, ముని మునులు అయినట్లు. ఇంతవరకు చిక్కు ఏమియు లేదు. గని తెలుగు ఇంట కోడలుగా వచ్చి కూతురైపోయినది.

చిక్కంతయు బాయి దగ్గర ఉన్నది. మేము ఎక్కువ కాలము వెచ్చించినదియు అక్కడనే.

బాయి అనునది బావికి తెలంగాణ రూపము. బావి అచ్చ తెలుగు మాట అని చాలమంది అనుకొందురు, మేమును అనుకొంటిమి. కాని అది సంస్కృత వాపి నుండి వచ్చిన తద్భవము. వకారము బకారమైనది, నడుమ పకారము వకారమైనది. ద్వీపము దీవి అగుటలోను, దీపము దివ్వె అగుటలోను ఆ రెండవ మార్పే ఉన్నది. తెలంగాణలో ఆ వకారము కూడ కరిగి యకారమైనది.

నీళ్ల బావికి తెలుగువారి సొంత మాట నుయ్యి. గోదావరి, కృష్ణా మండలములలో అది బ్రతికి యున్నది. ఈ రెండు మాటల వ్యాకరణమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. నుయ్యి మీద విభక్తి చేరినప్పుడు దాని ఒళ్లంతా మారును: నూతిలో, నూతికి, బహువచనమున నూతులు. గొయ్యి కూడ అట్లే: గోతిలో, గోతులు. చెయ్యి చేతి అగును. రాయి రాతి అగును, బహువచనమున రాళ్లు అగును. వ్యాకర్తలు వీనిని ఔపవిభక్తికములు అన్నారు. ఇప్పుడు రాయి ప్రక్కన బాయిని నిలువబెట్టుడి. చెవికి రెండును కవల పిల్లలే. అయినను రాయి మీద అనుటకు రాతి మీద అన్న నోరు, బాయి మీద అనుటకు బాతి మీద అని ఎన్నడును అనలేదు. రాళ్లు అన్న నోరు బాళ్లు అనలేదు. బాయిల, బాయికి, బాయి మీద, బాయిలు: ఎక్కడను అది ఒళ్లు వంచదు.

ఎందుకు? సొంత మాటలకే ఆ పాత మడత ఉన్నది. బయట నుండి వచ్చిన మాట ఎంత చదునుగా అరిగినను, ఎంత మన మాటవలె వినబడినను, ఆ మడత దానికి రాలేదు. చదువు లేని వృద్ధురాలు కూడ ఈ భేదమును ఒక్కసారి అయినను తప్పకుండ పాటించును. పుట్టు ధ్రువపత్రము పోయినను, వ్యాకరణము పుట్టుకను మరచిపోలేదు. ఈ సంగతి మాకు తట్టిన దినమున మేము చాల సంతోషించితిమి. ఇంట చెప్పగా, బాతి అంటే బాతు గుర్తుకు వచ్చుచున్నదని నవ్వినారు.

ఇక అర్థము. 1852లో బ్రౌను దొర నిఘంటువు వెలువడిన నాటికి సింగరేణి బొగ్గు వెలుగు చూడలేదు. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము వచ్చిన నాటికి ఎల్లందులో తవ్వకము ఆరంభము కాలేదు. కనుక బావికి బొగ్గు గని అను అర్థము ఆ తరువాత, పని చేయు మనుష్యుల నోట పుట్టినదే. పండితులు ఇచ్చినది కాదు, దొరలు ఇచ్చినది కాదు. హైదరాబాద్ రాజ్యపు కచేరీ భాషయైన ఉర్దూలో గనికి కాన్ అందురు, అది తవ్వుట అను అర్థము గల పారసీక ధాతువు నుండి వచ్చినది. ఆ మాట కాగితము దాటి కార్మికుల ఇండ్లలోనికి రాలేదు.

నేలలో లోతుగా తవ్విన రంధ్రము కాబట్టి బాయి అన్నారు, అంతేగదా అని కొందరు మాతో అన్నారు. అది కొంత నిజమే, కాని చాలదు. మంథని, పెద్దపల్లి, ధర్మపురి వైపు పల్లెలలో బాయి అనగా నీటి గుంత మాత్రమే కాదు, ఆ బావి క్రింద సాగయ్యే చేను కూడ. "మీ నాయిన యాడ?" అని అడిగితే "బాయి కాడికి పోయిండు" అని జవాబు. అనగా పనికి పోయినాడని. పల్లె విడిచి బొగ్గు పనికి వచ్చిన మనిషి తాను పనికి పోయే చోటును కూడ బాయి అన్నాడు. ఇది మా అభిప్రాయము. దీనికి ఒక చిన్న వ్యాకరణ సాక్ష్యమును చూపగలము: పల్లెలో "బాయి కాడికి" పోవును, ఖనిలో "బాయికి" పోవును. చేను బావి ప్రక్కన ఉన్నది గనుక కాడ అను మాట కావలసి వచ్చినది. గనిలో పని బాయి ప్రక్కన కాదు, బాయి కడుపులోనే. కాడ రాలిపోయినది.

కాలనీలో కొంతకాలము చెవి పెట్టి వింటే విభక్తుల మధ్య ఇంకొక భేదము తెలియును. "బాయికి పోయిండు" అంటే డ్యూటీకి వెళ్లినాడు, మస్టరు పడినది. "బాయిల ఉన్నడు" అంటే నేల క్రింద ఉన్నాడు. "బాయి మీద ఉన్నడు" అంటే పైన, ఆఫీసు దగ్గర ఉన్నాడు. ఆపద వచ్చిన దినమున ఇంటి ఆడవారు మొదట అడుగునది ఈ విభక్తినే: బాయిలనా, బాయి మీదనా?

మరియొక వింత. ఇక్కడి గనులలో చాల వానికి ఇంక్లైను అని పేరు. ఇంక్లైను నిలువు గొయ్యి కాదు. నేల మీద నుండి బొగ్గు పొర వరకు ఏటవాలుగా దిగే దారి. అట్టిదానిని కూడ పదకొండో బాయి, టూ ఏ బాయి అనుచున్నారు. సంస్కృతములో కూపము వేరు, వాపి వేరు. కూపము చేదతో తోడే ఇరుకు బావి. వాపి మెట్లు గల దిగుడుబావి, మనిషి నడిచి దిగునది. ఆ విధముగా చూచిన, ఏటవాలుగా నడిచి దిగే ఇంక్లైనును బాయి అనుట మూలార్థమునకే దగ్గరగా ఉన్నది. ఇది యాదృచ్ఛికమే. ఎవరును అమరకోశము చూచి పేరు పెట్టలేదు. ఇంక్లైను అను మాటకు మాత్రము తెలుగు చివర ఒక ఉకారము తగిలించి ఊరుకొన్నది: ఇంక్లైనుకు, ఇంక్లైన్లు. దానికి కి రాలేదు, కు వచ్చినది. మస్టరు, మైను, షిఫ్టు అన్నిటికిని అదే చొక్కా.

ఇప్పుడు బయటి లోకము వైపు ఒక చూపు. నీళ్ల బావి పేరే గనికి పోవుట మన బొగ్గు నేలలో మాత్రమే జరిగినదా? ఇంగ్లీషువారు బొగ్గు గనిని పిట్ అందురు. అది లాటిను పుటెయుస్ నుండి వచ్చిన అరువు మాట. పుటెయుస్ అనగా బావి. ఫ్రెంచి భాషలో నీటి బావిని, గని నిలువు దారిని నేటికిని ఒకే మాటతో పిలుతురు, అదియు పుటెయుస్ సంతానమే. జెరోము లాటిను బైబిలులో సమరయ స్త్రీ ప్రభువుతో లోతైనదని చెప్పిన బావి పుటెయుసే. యాకోబు బావికి వాడిన మాటయే అరిగి ఇంగ్లండు బొగ్గు కార్మికుని పిట్ అయినదన్న మాట! ఉత్తర యూరోపులోని ఎస్టోనియా భాషలో కాయెవ్ అనగా బావి, కాయెవందుస్ అనగా గని. దాని చుట్టమైన ఫిన్నిషు భాషలో కాయివో బావి, కాయివోస్ గని. అక్కడ అది అరువు కాదు, తవ్వుట అను సొంత ధాతువు నుండి పుట్టిన జంట. ఎస్టోనియా ఈశాన్య భాగమున నూనె రాయి గనులున్నవి, ఆ రాయిని కాల్చి కరెంటు తీసే కేంద్రములున్నవి. మన రామగుండమువారికి ఆ దృశ్యము క్రొత్త కాదు.

పరిశుద్ధ గ్రంథపు మూల భాషల దగ్గరకు వత్తుము. హెబ్రీలో బెయేర్ అనగా తవ్విన బావి. హాగరు బెయేర్ లహాయిరోయి, అబ్రాహాము బెయేర్షెబా, ఇస్సాకు కాపరులు కలహపడిన బావులు మన పాఠకులకు తెలిసినవే. బోర్ అనగా నీరు నిలువచేయు తొట్టి లేక గొయ్యి. యోసేపును అన్నలు పడవేసినది బోర్‌లోనే, మన తెలుగులో అది గుంట. యిర్మీయాను త్రాళ్లతో దింపిన బురద గొయ్యియు బోర్‌యే. ఎబెద్మెలెకు చంకల క్రింద పాత బట్టలు పెట్టించి, త్రాళ్లతో అతనిని పైకి లాగించిన వృత్తాంతము చదివినప్పుడు, గని రక్షణ దళములో పని చేసిన ఒక విశ్వాసి, ఆ బట్టల సంగతి వ్రాసినవాడు త్రాడు పని ఎరిగినవాడేనని మాతో అన్నాడు. ఇంత మంచి వ్యాఖ్యానము మాకు పుస్తకములలో దొరకలేదు. (బోర్ అనగానే మా విద్యార్థులు బోరుబావి అనుకొందురు. ఆ బోరు ఇంగ్లీషు మాట, దీనికి చుట్టము కాదు.)

యోబు గ్రంథము 28వ అధ్యాయము గని పనిని వర్ణించును. బైబిలులో మరెక్కడను ఆ పని ఇంత దగ్గరగా కనబడదు. అందులో మొదటి వచనములో మన తెలుగు అనువాదకులు గని అన్నారు. అక్కడి హెబ్రీ మాట మోత్సా, బయటకు వచ్చు చోటు అని దాని అర్థము. యెషయా 58వ అధ్యాయములో ఎండిపోని నీటి ఊటకు అదే మాట. నాలుగవ వచనములో మనుష్యులు తవ్వే దారికి నహల్ అను మాట ఉన్నది, ఇతర చోట్ల అది వాగు. వెండి వచ్చు చోటును, నీరు వచ్చు చోటును హెబ్రీయుడు ఒకే మాటతో పిలిచినాడు. ఆ నాలుగవ వచనములో తెలుగువారు సొరంగము అన్నారు. సొరంగము సంస్కృత సురంగ నుండి వచ్చినది. సంస్కృతము దానిని గ్రీకు సిరింక్స్ నుండి తెచ్చుకొన్నదని పండితుల మాట. అరువు తెచ్చినవాడి దగ్గర మరల అరువు.

గ్రీకు నిబంధనలో యోహాను 4వ అధ్యాయము రెండు మాటలు వాడినది. ఆరవ వచనములో పేగే, అనగా ఊట. పదకొండు, పన్నెండు వచనములలో ఫ్రెయార్, అనగా తవ్విన బావి. ఆ ఫ్రెయార్ అను మాటను ప్రకటన గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో మరల చూతుము. అక్కడ అది అగాధపు బావి, అందులో నుండి కొలిమి పొగవంటి పొగ లేచి సూర్యుని కప్పును. నీటిని ఇచ్చు బావియు, పొగను కక్కు బిలమును ఒకే మాట. మేము కళాశాలలో ఈ రెండు భాగములను వేర్వేరు సంవత్సరములలో చదివితిమి. రెండును ఒకే మాటయని అప్పుడు ఎవరును చెప్పలేదు, మేమును అడుగలేదు. బాయి అనగా రెండును అని ఆ వృద్ధురాలికి మాత్రము చెప్పనక్కర లేకపోయినది.

తెలుగు అనువాదము చేసినవారికి ఈ బాయి తెలియదు, తెలియుటకు వీలును లేదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో విశాఖపట్టణమునకు వచ్చినారు. వారి పరిచర్య ఫలముగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చైనవి. యోహాను ఆ మూటిలో లేదు. 1818లో శ్రీరాంపురమువారి క్రొత్త నిబంధన వచ్చినది. కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, క్యాంప్‌బెల్ వ్యాకరణము 1816లోను వచ్చినవి. క్యాంప్‌బెల్ గ్రంథమునకు ముందుమాట వ్రాసిన ఎల్లిస్, తెలుగులో సంస్కృతపు మాటలు ఎన్ని ఉన్నను అది సంస్కృతము కూతురు కాదని, వేరు భాషా కుటుంబమునకు చెందినదని చూపినాడు. మాటలు అరువు తెచ్చుకొన్నంత మాత్రమున వంశము మారదు. పైన చెప్పిన రాయి, బాయి భేదము ఆ సిద్ధాంతమునకే ఒక చిన్న ఉదాహరణము. మొత్తము మీద మన అనువాదమునకు సముద్ర తీరపు తెలుగు పునాది. అక్కడ బావిలో నీరే ఉన్నది. ఎల్లందులో తొలి బొగ్గు తట్ట లేచుటకు అప్పటికి ఇంకను డెబ్బది ఏండ్లు మిగిలి యున్నది.

ఇంతవరకు వ్రాసినది పుస్తకముల పని. ఇక 2003వ సంవత్సరము.

ఆ యేడు జూను 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు ఒక్కసారిగా చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించినారు. నాలుగు నెలలు తిరిగి అక్టోబరు 16న 8ఏ ఇంక్లైనులో పైకప్పు కూలి మరి 10 మంది మరణించినారు. జూనులో ఆ దినములలో కాలనీ అంతటను ఒకే మాట: "బాయిల నీళ్లు వచ్చినయట." తెలుగు దేశములో ఇంకెక్కడనైనను ఈ వాక్యము శుభవార్త. ఎండిన బావిలో నీరు పడినదని పల్లెలో కొబ్బరికాయ కొట్టుదురు, విశ్వాసులైతే స్తుతి ప్రార్థన పెట్టుకొందురు. ఇక్కడ అదే వాక్యము విని స్త్రీలు చెప్పులు లేకుండ రోడ్డు మీదికి పరుగెత్తినారు.

ఆ వచ్చిన ఆదివారమునకు మేము ఏమి చదువవలెనో తోచలేదు. వరుస పాఠములో నీటిని గూర్చిన వాగ్దానము ఉన్నది, దానిని ప్రక్కన పెట్టితిమి. 69వ కీర్తన తీసితిమి. నీళ్లు ప్రాణము వరకు వచ్చినవని మొరపెట్టు కీర్తన అది. పదునైదవ వచనములో నన్ను మ్రింగనియ్యకుమని భక్తుడు వేడుకొనుచున్న చోట మన తెలుగులో గుంట అని ఉన్నది. హెబ్రీ చూచితిమి. బోర్ కాదు, బెయేర్. బావి. బావి తన నోరు మూసికొనకుండ చేయుమని భక్తుడు ప్రార్థించుచున్నాడు. అబ్రాహాము తవ్విన దానికి ఏ మాటయో ఇక్కడ చావు నోటికి అదే మాట. అనువాదకులు గుంట అనుటలో తప్పు లేదు. బావి నోరు మూసికొనుట వారి ఊరిలో అర్థమగు సంగతి కాదు, గుంట అంటే అర్థమగును. కాని మా ఎదుట కూర్చున్నవారికి గుంట అర్థము కాదు, బాయి అర్థమగును.

గ్రంథములో ఉన్న మాటను మార్చి చదువుటకు పాదిరికి అధికారమున్నదా? ఆ రాత్రి మేము దీనిని గూర్చి చాల తలపోసితిమి. మాకు తోడుగా ఉన్న ఒక పెద్ద సేవకుడు వద్దన్నాడు. ఈ దినము బాయి అని చదివిన యెడల రేపు ఎవరి ఇష్టము వచ్చినట్లు వారు చదువుదురు, గ్రంథము గ్రంథముగా ఉండనిమ్మని ఆయన మాట. అది త్రోసిపుచ్చదగిన మాట కాదు. బోధకుని నోటి తెగువ వలన సంఘములు చీలుటను మేమును చూచితిమి. అయినను మూలములో ఉన్నదే బావి అయినప్పుడు, ఈ జనుల బావి బాయి అయినప్పుడు, గుంట అని చదువుటయే మూలమునకు దూరమగుట కాదా? మేము మొదట గ్రంథములో ఉన్నట్లే గుంట అని చదివి, ఆగి, హెబ్రీలో ఇక్కడ బాయి అని ఉన్నదని చెప్పి, ఆ వచనమును బాయి అను మాటతో రెండవమారు చదివితిమి. ప్రసంగము చేయలేదు. చేయనక్కర లేకపోయినది. మొదటి ప్రశ్న అడిగిన ఆ తల్లి అప్పటికి బ్రతికి యున్నది, మూడవ వరుసలో నేల మీద కూర్చుండి యున్నది. ఆరాధన తరువాత ఆ పెద్ద సేవకుడు మా చేయి పట్టుకొన్నాడు గాని తన అభిప్రాయమును మార్చుకొన్నానని అనలేదు. నేటికిని అనలేదు.

ఆ పద్ధతినే తరువాత పాటించుచు వచ్చితిమి: అచ్చులో ఉన్నది ముందు, నోటి మాట తరువాత. యోహాను 4 చదివినప్పుడు మాత్రము తిరుగబడినది. అక్కడ బావి అని చదివి, ఇది నీళ్ల బాయి, మన బాయి కాదు అని చెప్పవలసి వచ్చెడిది. పిల్లలు నవ్వెడివారు.

ఇప్పుడు ఆ మాట చెప్పవలసిన అక్కర తగ్గుచున్నది. నేడు కంపెనీ తీయు బొగ్గులో అధిక భాగము ఓపెన్ కాస్టు గనులదే. వానిని ఎవరును బాయి అనరు, ఓసీ అందురు. ఓసీలో దిగుట లేదు, పైన ఆకాశము కనబడును, డంపర్లు తిరుగుచుండును. భూగర్భ గనులు ఒకటొకటిగా మూతబడుచున్నవి. చాల కుటుంబములలో తాత బాయిల పని చేసినాడు, తండ్రి ఓసీలో చేయుచున్నాడు, మనుమడు హైదరాబాదులో ఉన్నాడు. మొన్న ఆదివారపు బడిలో యాకోబు బావి బొమ్మ వేయుమని పిల్లలకు చెప్పితిమి. ఇరువది సంవత్సరముల క్రితము ఇదే పని చెప్పినప్పుడు ఒక బాలుడు తలకు లైటు పెట్టుకొన్న యాకోబును గీసినాడు. ఈసారి పదునొకండుగురిలో ఏడుగురు చేతి బోరింగు గీసినారు. ఒక పాప మాత్రము గుండ్రని గోడ, చేద, త్రాడు గీసి, ప్రక్కన "బాయి" అని వ్రాసి, మాకు చూపి, ఇది మా అమ్మమ్మ ఊరిలోనిదని చెప్పినది.